బట్టీలో కాల్చినదాన్ని రీసైక్లింగ్ అనకండి

రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ రోడ్డు పట్టుకుని ఉత్తరంగా వెళితే సిల్తరా కార్ఖానాలు దాటాక ధర్సీవా వస్తుంది. దారి పొడుగునా స్పాంజ్ ఐరన్ బట్టీల నల్లదుమ్ము. డాబా మీద ఆరేసిన బట్టల మీదా అదే, చెరువు నీళ్ల మీదా అదే, వరి ఆకు తుడిస్తే వేలికి అంటేదీ అదే. పొగంటే ఏమిటో ఈ చుట్టుపక్కల పల్లెలకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. అలాంటి చోట కూడా ఈ మధ్య ఒక నమ్మకం బాగా పాతుకుపోయింది: ప్లాస్టిక్‌ను బట్టీలో కాలిస్తే అది రీసైక్లింగ్ అట, పర్యావరణానికి మేలట.

మొన్న ఉగాదికి రాయ్‌పూర్‌లో తెలుగువాళ్లం కొందరం కలిశాం. 1931లో విజయనగరం–రాయ్‌పూర్ రైలుమార్గం పూర్తయిన నాటి నుంచీ ఉత్తరాంధ్రకూ ఈ ఊరికీ రాకపోకలు పెరిగాయి. ఆ దారిన వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. పచ్చడి పంచింది ప్లాస్టిక్ కప్పుల్లో, మంచినీళ్లు ప్లాస్టిక్ గ్లాసుల్లో. భోజనాలయ్యేసరికి నడుమెత్తు కుప్ప పడింది. మనసొప్పక అడిగాను. సిమెంటు కార్ఖానాలో పనిచేసే ఒక కుర్రాడు చేతులు కడుక్కుంటూ ఓపిగ్గానే చెప్పాడు. "మాస్టారూ, మీరు ఊరికే బెంగపడుతున్నారండీ. పనికొచ్చేది ఎలాగూ రీసైకిల్ అవుతుంది. మిగిలింది మా బట్టీ మింగేస్తుంది. అంతమేరకు బొగ్గు ఆదా కదండీ." చుట్టూ ఉన్నవాళ్లందరూ తలలూపారు. ఆ కుప్ప చూసి అంతదాకా ఇబ్బంది పడ్డ ఇద్దరు ముగ్గురు ఇల్లాళ్ల ముఖాల్లో కూడా నిశ్చింత కనబడింది.

ఆ నిశ్చింత మీదే నా ఫిర్యాదు. ఆ అబ్బాయి అబద్ధమాడలేదు. తనకు తెలిసింది చెప్పాడు. కానీ ఆ మాట వెనక ఉన్న లెక్క తప్పు. ఆ తప్పు లెక్క మీదే నగరపాలికలు ప్రణాళికలు వేస్తున్నాయి, కంపెనీలు ప్రకటనలు ఇస్తున్నాయి, మనం గ్లాసులు పారేస్తున్నాం.

రీసైక్లింగ్ అన్న ఒక్క మాట కింద ఇప్పుడు నాలుగు వేర్వేరు పనులు నడుస్తున్నాయి. సీసాను కడిగి, కరిగించి మళ్లీ సరుకు చేయడం ఒకటి. సిమెంటు బట్టీలోనో కరెంటు ప్లాంటులోనో కాల్చడం రెండోది. గాలి తగలకుండా కాచి నూనె తీయడం మూడోది. తారులో కలిపి రోడ్డు వేయడం నాలుగోది. మొదటి దాంట్లో ప్లాస్టిక్ ప్లాస్టిక్‌గానే మిగులుతుంది. తక్కిన మూడింటిలో అది ఇక తిరిగి రాదు. ఈ తేడా చట్టానికి తెలుసు. 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం రీసైకిల్ చేయగలిగింది ముందు రీసైక్లర్ దగ్గరికి పోవాలి. రోడ్లకూ, ఇంధనానికీ, నూనెకూ వాడేది వీలైనంతవరకు ఇక రీసైకిల్ కాని సరుకే అయి ఉండాలి. ఉత్పత్తిదారుల బాధ్యత మీద 2022 ఫిబ్రవరిలో వచ్చిన మార్గదర్శకాలు ఇంకా తెగేసి చెప్పాయి. సిమెంటు బట్టీ, చెత్త కరెంటు, నూనె, రోడ్డు, ఈ నాలుగూ అంతిమ విసర్జన కిందే వస్తాయి, అదీ రీసైకిల్ కాని ప్లాస్టిక్‌కే. చట్టం దహన సంస్కారం అన్నదానికి మనం పునర్జన్మ అని పేరు పెట్టుకున్నాం.

ధర్సీవా దగ్గర ఒక కబాడీ కొట్టుకు నేను అప్పుడప్పుడూ పాత పేపర్లు వేయడానికి వెళ్తుంటాను. అక్కడ రేకుల చూరు కింద ఒక ఆవిడ రోజంతా ప్లాస్టిక్ ఏరుతుంది. ఈ ప్రాంతంలో ప్లాస్టిక్ సంచిని ఝిల్లీ అంటారు. ఆవిడ ఒక ఝిల్లీని చెవి దగ్గర పెట్టుకుని నలుపుతుంది. గరగరమంటే ఒక గోనెలోకి, మెత్తగా నలిగితే ఇంకో గోనెలోకి. అనుమానం వస్తే అంచు కొంచెం అగ్గిపుల్లకు చూపిస్తుంది. కొవ్వొత్తి వాసన వస్తే పాలిథిన్. ముక్కు మండితే పీవీసీ, దాన్ని దూరంగా గిరాటేస్తుంది. సీసా మూత తిప్పి తీసి వేరే డబ్బాలో వేస్తుంది, ఎందుకంటే సీసా పెట్ అనే రకం, మూత ఇంకో రకం. నీళ్లలో వేస్తే సీసా ముక్క మునుగుతుంది, మూత ముక్క తేలుతుంది. రెండూ కలిసి కరిగితే దేనికీ పనికిరావు. గుట్కా ప్యాకెట్లు, చిప్స్ కవర్లు, షాంపూ సాషేలు ఆవిడ ముట్టుకోనే ముట్టుకోదు. కాలితో పక్కకు నెడుతుంది. "ఇవి ఎవరూ కొనరు భయ్యా" అంది ఒకసారి. రెండు మూడు రకాల ప్లాస్టిక్ పొరలు, మధ్యలో అల్యూమినియం, అన్నీ అతుక్కుపోయి ఉంటాయి. వాటిని విడదీసే పని ఏ కొట్టుకూ గిట్టదు.

ఆవిడ పని చూస్తుంటే నాకు అర్థమైంది ఇది: ఏది రీసైకిల్ అవుతుందో తేల్చేది యంత్రం కన్నా ముందు ఆ చేతులు. అవి వద్దన్న సరుకును తయారు చేసినవాడు ఎక్కడో హాయిగా ఉన్నాడు. గుట్కా, పాన్ మసాలా, పొగాకు ప్లాస్టిక్ సాషేల్లో అమ్మకూడదని ఆ 2016 నియమాల్లోనే ఉంది. ఆ కొట్టు ముందు నేల మీద అవి ఎన్ని పడి ఉంటాయో ఎవరైనా వెళ్లి చూడొచ్చు.

ఇక బట్టీ సంగతికి వద్దాం. ఈ వాదంలో బలమున్నది అక్కడే కాబట్టి దాన్ని తేలిగ్గా కొట్టిపారేయను. ఇది సున్నపురాయి నేల. ధర్సీవాకు దగ్గరే ఉన్న మాంధర్‌లో సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా 1970లోనే కార్ఖానా నడిపింది. 1996లో అది మూతపడింది. ఇప్పుడు బైకుంఠ్‌లో, బలౌదాబజార్ వైపు రావన్‌లో, హిర్మీలో పెద్ద బట్టీలున్నాయి. సిమెంటు బట్టీలో సరుకు సుమారు 1,450 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, మంట దగ్గర వాయువు 2,000 డిగ్రీలకు చేరువవుతుంది. అంత వేడిలో విషవాయువులు మిగలడం కష్టం. బూడిద, సిమెంటుగా నూరే క్లింకర్‌లోనే కలిసిపోతుంది. పెరట్లో కాల్చడంతో, కాలవలో వదలడంతో పోలిస్తే బట్టీ ఎంతో నయం. ఇందులో నాకు వాదం లేదు.

వాదం పోలిక దగ్గరే. దేనితో పోల్చాలో ముందే మనకు నచ్చినట్టు ఎంచుకుంటే ఏ పనైనా మంచిదే అవుతుంది. పాలిథిన్‌లో బరువుకు 86 శాతం కార్బన్. కిలో పాలిథిన్ పూర్తిగా కాలితే, గాలిలోని ఆక్సిజన్ వచ్చి కలవడం వల్ల, 3.14 కిలోల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. ఏ బట్టీలో కాల్చినా, ఏ ఫిల్టర్ బిగించినా ఆ అంకె మారదు. అంతే వేడికి బొగ్గు మరికొంత ఎక్కువ వదులుతుంది కాబట్టి ఆ తేడా మేరకు లాభం ఉందంటారు. ఉంది. కానీ ఆ కిలో పాలిథిన్‌ను కడిగి, కరిగించి మళ్లీ సరుకు చేయడానికి పనికొచ్చే గింజలుగా, అంటే దానాగా చేసి ఉంటే? అమెరికాలో ప్లాస్టిక్ రీసైక్లర్ల సంఘం 2018లో చేయించిన జీవితచక్ర అధ్యయనం లెక్క ప్రకారం, కొత్త ప్లాస్టిక్ బదులు పాతదాన్ని వాడితే పెట్ విషయంలో 67 శాతం, గట్టి పాలిథిన్, పాలీప్రొపిలిన్ విషయంలో 71 శాతం గ్రీన్‌హౌస్ వాయువులు తగ్గుతాయి. అది రీసైక్లర్లే చేయించిన లెక్క, పైగా అక్కడి పరిస్థితులకు వేసింది. మనకు కరెంటు కొర్బా బొగ్గు నుంచి వస్తుంది. మన గ్రిడ్‌లో ఒక యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ పడుతుంది. కాబట్టి మన దగ్గర లాభం అంత ఉండకపోవచ్చు. అయినా లాభమే. అన్నిటికన్నా ముఖ్యం, దానా చేసిన ప్లాస్టిక్ ఇంకా మన చేతిలోనే ఉంటుంది. బకెట్‌గా పదేళ్లు వాడి, ఇక దేనికీ పనికిరాదనుకున్నప్పుడు అదే బట్టీకి పంపొచ్చు. ముందు బట్టీకి పంపితే బకెట్ రాదు. రీసైక్లింగ్ తర్వాత బట్టీ సాధ్యం, బట్టీ తర్వాత రీసైక్లింగ్ సాధ్యం కాదు. వరుస మార్చడంలోనే నష్టమంతా ఉంది.

ఇంకో సంగతి బట్టీ పక్షం వారు చెప్పరు. బట్టీకి కావలసింది మంచి వేడినిచ్చే పొడి సరుకు. పీవీసీ అంటే దానికీ భయమే. బరువులో సగానికి పైగా క్లోరిన్, అది బట్టీ గోడలకు పేరుకుని దారి మూస్తుంది. తడి చెత్త అంటుకున్న సరుకూ వద్దు, ఆరబెట్టడానికే వేడంతా పోతుంది. అంటే బట్టీ కోరేది శుభ్రమైన పొడి పాలిథిన్, పాలీప్రొపిలిన్. కబాడీ కొట్టు ఆవిడ రెండు గోనెల్లోకి ఏరుతున్నదీ సరిగ్గా అదే. ఎవరూ ముట్టుకోని చెత్తను బట్టీ ఆదుకుంటుందన్నది సగం నిజం. ఏరేవాళ్లు లేనిచోట, ఏరే ముందే చెత్తనంతా కలిపి నలిపి ఇంధనం చేసేచోట, బట్టీ రీసైక్లర్ నోటి దగ్గరి కూడు లాక్కుంటుంది.

నూనె గురించి రెండు మాటలు చాలు. ప్లాస్టిక్ నుంచి పెట్రోలు అని పేపర్లో వార్త వచ్చినప్పుడల్లా మనవాళ్లు వాట్సాప్‌లో పంపుకుంటారు. ఆ నూనెను చివరికి ఏ కొలిమిలోనో కాలుస్తారు. కాల్చడాన్ని రెండు మెట్లుగా చేశారంతే, పైగా మొదటి మెట్టుకు అదనపు వేడి కావాలి. పెట్ సీసాలూ పీవీసీ గొట్టాలూ దానికి పనికిరావు. ఈ పద్ధతిలోనే పాత టైర్లు కాచే యూనిట్ల పరిస్థితి చూస్తే చాలు: 2019లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 19 రాష్ట్రాల్లో 637 యూనిట్ల లెక్క తీస్తే నిబంధనలు పాటించనివి 270, పాటిస్తున్నవి 251, మిగిలినవి మూతపడ్డాయి.

రోడ్లది ఇంకొంచెం గౌరవనీయమైన కథ. మదురై త్యాగరాజర్ కళాశాల ఆచార్యులు రాజగోపాలన్ వాసుదేవన్ కనిపెట్టిన పద్ధతి అది, 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. తారు బరువులో 6 నుంచి 8 శాతం దాకా ప్లాస్టిక్ కలపొచ్చని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2013లో మార్గదర్శకాలిచ్చింది. రోడ్డు మంచి రోడ్డే కావచ్చు. నా అభ్యంతరం దాన్ని చెత్త సమస్యకు జవాబుగా చూపడం మీద. ఒక వరుస రోడ్డు కిలోమీటరు వేస్తే పట్టేది సుమారు ఒక టన్ను. ఆ టన్ను ఇక ఎప్పటికీ బయటికి రాదు, లారీ టైర్ల కింద అరిగి పొడిగా పోయేది మాత్రం పొలాల్లోకి వస్తుంది.

మన తెలుగు నేల మీద కూడా ఇదే పాట. హైదరాబాద్ జవహర్‌నగర్ చెత్త కరెంటు గురించీ విశాఖ చెత్త కరెంటు గురించీ మెగావాట్లు చెబుతారు. ఆ బాయిలర్లో ఎన్ని టన్నుల మంచి ప్లాస్టిక్ పడిందో చెప్పిన ప్రకటన నేను చదవలేదు.

మొత్తం రీసైక్లింగ్ అవుతోందన్న నమ్మకానికి పునాది ఎక్కడిది? మన దేశం 60 శాతం ప్లాస్టిక్ రీసైకిల్ చేస్తుందని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. ప్రపంచమంతా కలిపి, 2015 దాకా చెత్తగా మారిన ప్లాస్టిక్‌లో రీసైకిల్ అయింది 9 శాతమేనని 2017లో గేయర్, జాంబెక్, లా అనే ముగ్గురు శాస్త్రవేత్తలు తేల్చారు. మన కబాడీవాళ్ల కష్టం వల్ల మనం ప్రపంచం కన్నా మెరుగే అన్నది నిజం. కానీ 60 శాతం దేనిలో? ప్రభుత్వ లెక్కలో 2020–21లో దేశంలో పుట్టిన ప్లాస్టిక్ చెత్త 41 లక్షల టన్నుల పైచిలుకు. బ్రిటన్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయం వారు 2024లో నేచర్ పత్రికలో వేసిన అంచనాలో, భారతదేశం ఏటా పర్యావరణంలోకి వదులుతున్నదే 93 లక్షల టన్నులు, ప్రపంచంలో మొదటి స్థానం. అందులో 58 లక్షల టన్నులు బహిరంగంగా కాల్చేస్తున్నది. పుట్టినదాని కన్నా పారేసింది రెండింతలు ఎలా అవుతుంది? పల్లెల చెత్త, ఎవరూ ఎత్తని చెత్త, కాల్చిన చెత్త ప్రభుత్వ లెక్కలోకి రాలేదని ఆ పరిశోధకులే వివరించారు. విదేశీ అంచనా కాబట్టి నమ్మం అనేవాళ్లను ఒక్కసారి డిసెంబరు సాయంత్రం ధర్సీవా చుట్టుపక్కల తిరగమంటాను. చలిమంటలో వరిగడ్డితో పాటు ఝిల్లీలు, పాల కవర్లు, సాషేలు. పిల్లలు చుట్టూ కూర్చుని చేతులు కాచుకుంటుంటారు. ఆ పొగ ఏ రిజిస్టర్‌లోనూ లేదు.

కాగితం మీదున్నది కూడా ఎంత గట్టిది? ఉత్పత్తిదారులు రీసైక్లర్ల దగ్గర సర్టిఫికెట్లు కొని బాధ్యత తీర్చుకునే ఏర్పాటు వచ్చిన ఏడాదిన్నరలోనే, 2023లో, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీలో 6 లక్షల నకిలీ సర్టిఫికెట్లు బయటపడ్డాయి. కరగని ప్లాస్టిక్ కరిగినట్టు రాసుకున్నారు. దాన్ని చూపించి ఎవరో తమ కంపెనీ పచ్చగా ఉందని ప్రకటించుకున్నారు.

అసలైన రీసైక్లింగ్‌లో లోపాలు లేవని నేను అనడం లేదు. కడిగే నీళ్లలో ప్లాస్టిక్ పొడి పోతుంది. బ్రిటన్‌లో ఒక కొత్త రీసైక్లింగ్ కేంద్రం మీద స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయం వారు 2023లో ప్రచురించిన పరిశోధనలో, వచ్చిన ప్లాస్టిక్‌లో 13 శాతం దాకా సూక్ష్మకణాలుగా నీళ్లలోకి పోతోందని, ఫిల్టర్లు పెట్టాక 6 శాతానికి తగ్గిందని తేలింది. అన్ని హంగులూ ఉన్న కేంద్రం సంగతే అది. ఖారున్ నదికి దగ్గరలో రేకుల షెడ్డులో సీసాలు కడిగి నీళ్లు కాలవలోకి వదిలితే అవి ఎక్కడికి పోతాయి? ఖారున్‌లోకి, అక్కడి నుంచి శివనాథ్‌లోకి, చివరికి మహానదిలోకి. అందుకని రీసైక్లింగ్ మానేయాలా? కడుగునీటికి తొట్లు, ఫిల్టర్లు పెట్టించాలి. చిన్న యూనిట్‌కు దానికి అప్పు ఇప్పించాలి. బట్టీలకు చెత్త మోసే లారీకి పెట్టే ఖర్చులో కొంత ఇక్కడ పెడితే చాలు.

మంచి పని జరగదనీ కాదు. తాగి పారేసిన సీసాను మళ్లీ ఆహారం పెట్టగల సీసాగా మార్చే సంస్థ హైదరాబాద్‌లో ఉంది, పేరు శ్రీచక్ర పాలీప్లాస్ట్. వరంగల్ దగ్గర గణేశా ఎకోస్ఫియర్ వాళ్ల కార్ఖానా పాత సీసాలనే ముడిసరుకుగా నడుస్తోంది. ఈ ఛత్తీస్‌గఢ్‌లోనే అంబికాపూర్ ఉంది. 2015 నుంచి అక్కడ మహిళలు ఇంటింటికీ వెళ్లి తడీ పొడీ వేరుగా తీసుకుని, కేంద్రాల్లో కూర్చుని రకరకాలుగా ఏరి అమ్ముతున్నారు. పదహారెకరాల చెత్త దిబ్బ పార్కు అయింది. 2019లో అదే ఊళ్లో కిలో ప్లాస్టిక్ తెస్తే భోజనం పెట్టే గార్బేజ్ కెఫే మొదలైతే దేశమంతా దాని గురించే రాసింది. ఆ ప్లాస్టిక్‌తో వేసిన రోడ్డును పొగిడింది. నేను పొగిడేది రోడ్డును కాదు, ఏరిన చేతులను. ఆ ఊరు నెగ్గింది ఇంటి గుమ్మం దగ్గర. బట్టీ గురించీ రోడ్డు గురించీ ఆలోచించాల్సిన అవసరం అక్కడ చివరన, మిగిలిన కొద్దిపాటి సరుకుకు మాత్రమే వచ్చింది.

కాబట్టి నేను అడిగేవి కొత్తవేమీ కావు. రాయ్‌పూర్ కానీ, బీర్‌గావ్ కానీ, హైదరాబాద్ కానీ, విశాఖ కానీ, ప్రతి పాలక సంస్థా మూడు బరువులు విడివిడిగా ప్రకటించాలి: దానాగా మారింది ఎంత, కాల్చింది ఎంత, పూడ్చింది ఎంత. మొదటి రెంటినీ కలిపి ఒక్క అంకెగా చెప్పడం నేరంగా చూడాలి. బట్టీకి పోయే ప్రతి లారీ ముందు ఏరే బల్లల మీదుగా పోవాలి, ఆ బల్లల దగ్గర పనిచేసేవాళ్లకు చేతి తొడుగులు, ముక్కు గుడ్డ, నెల జీతం ఉండాలి. కబాడీ ఆవిడ కాలితో నెట్టేసిన సాషే మీద ఏ కంపెనీ పేరుందో ఆ కంపెనీయే దాన్ని వెనక్కి తీసుకోవాలి, తీసుకోలేకపోతే ఆ సాషే తయారు కాకూడదు. అది ఎలా కాల్చాలా అని మనం తలలు బద్దలుకొట్టుకోవడం వాళ్ల పని మనం చేయడమే.

ఆ ఉగాది కుప్ప ఎక్కడికి పోయిందో మర్నాడు కనుక్కున్నాను. పచ్చడి, పప్పు, పెరుగు అంటుకున్న గ్లాసులు కబాడీవాళ్లు తీసుకోలేదు. తడిగా ఉన్నాయి కాబట్టి బట్టీకీ పోలేదు. హాలు వెనక ఖాళీ స్థలంలో కాల్చేశారు. వాసన సాయంత్రం దాకా పోలేదు.

సిద్దిపేట జిల్లా పల్లెల్లో స్టీలు బ్యాంకులున్నాయి. పెళ్లికీ పేరంటానికీ అక్కడి నుంచి పళ్లేలు, గ్లాసులు తెచ్చుకుని, కడిగి తిరిగి ఇచ్చేస్తారు. రాయ్‌పూర్ తెలుగువాళ్లం ఆ మాత్రం చేయలేమా? ఛత్తీస్‌గఢ్ అడవుల్లో కుట్టే ఆకు విస్తళ్లు ప్రతి బజారులోనూ దొరుకుతాయి. ఈసారి ఉగాదికి వంద స్టీలు గ్లాసులు నేను తెస్తాను. కడగడానికి చేతులు కావాలి, మీరు రండి.